మంత్రి గారూ, ఆ చిన్న క్లాసులను కలిపేయకండి

గౌరవనీయులైన ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. పద్నాలుగేళ్లుగా ఒక యూనివర్సిటీ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. లిబరల్ ఆర్ట్స్‌లో (సైన్సు, సామాజిక శాస్త్రాలు, సాహిత్యం, కళలు కలిపి చదివే చదువులో) ఇరవై మందికి ఒక క్లాసు దండగ ఖర్చని, అందరినీ పెద్ద హాల్లో కూర్చోబెట్టి లెక్చర్ ఇప్పిస్తే చాలని మీ శాఖ ఆలోచిస్తోందట. ఆ మాట విన్నప్పటి నుంచి మనసు మనసులో లేదు.

పోయిన సెమిస్టర్‌లో ఒక రోజు క్లాసులో బల్ల మీద రెండు బొమ్మలు పెట్టాను. రెండూ చందమామవే. ఒకటి ఇంగ్లండులో థామస్ హారియట్ 1609 వేసవిలో టెలిస్కోపులో చూసి గీసింది. రెండోది అదే ఏడాది చివర్లో గెలీలియో చూసి, 1610లో తన పుస్తకంలో అచ్చువేయించింది. హారియట్ తక్కువవాడేమీ కాదు, గొప్ప గణితవేత్త. అయినా ఆయన బొమ్మలో వెలుగుకీ చీకటికీ మధ్య ఒక వంకర గీత, కాసిని మచ్చలు, అంతే. గెలీలియో బొమ్మలో కొండలున్నాయి, గుంటలున్నాయి.

"టెలిస్కోపు తేడా మేడమ్" అన్నాడు ఫిజిక్స్ మీద ఆశతో చేరిన కుర్రాడు. అదీ నిజమే, గెలీలియో టెలిస్కోపు శక్తి ఎక్కువ. కానీ నెల రోజులుగా నోరు విప్పని ఒక అమ్మాయి గెలీలియో బొమ్మ దగ్గరికి లాక్కుని వేలు పెట్టి చూపించింది. తనకి బొమ్మలు వేసే అలవాటుంది. "చీకట్లో ఈ తెల్ల చుక్కలు చూడండి. ఎండ ముందు శిఖరానికే కదా తగిలేది. ఈయనకి షేడింగ్ తెలుసు." గెలీలియో చిత్రలేఖనం నేర్చుకున్నవాడని నేనింకా చెప్పనే లేదు! కుర్రాడు కాసేపు ఆలోచించి పెన్సిల్ తీశాడు. చుక్క ఆ వెలుగు అంచుకి ఎంత దూరంలో ఉందో కొలిస్తే కొండ ఎత్తు కట్టొచ్చన్నాడు. గెలీలియో కూడా సరిగ్గా అలాగే కట్టాడు. ఆ పుస్తకం వచ్చాక హారియట్ గీసిన బొమ్మల్లోనూ గుంటలు కనిపించాయి.

ఇదంతా లెక్చర్‌గా పది నిమిషాల్లో చెప్పేయగలను. పిల్లలు రాసుకుంటారు, పరీక్షలో మార్కులూ వస్తాయి. కానీ రెండు వందల మంది ఉన్న హాల్లో ఆ అమ్మాయి చివరి వరసలో కూర్చునేది. ఆ కుర్రాడికి తన పక్కన బొమ్మలు తెలిసిన మనిషి ఉందనే తెలిసేది కాదు. సైన్సు, సామాజిక శాస్త్రాలు, సాహిత్యం, కళలు ఒకే కాలేజీలో ఉన్నంత మాత్రాన కలవవు. వాటిని చదివేవాళ్లు ఒకే బల్ల చుట్టూ కూర్చుంటేనే కలుస్తాయి.

నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ యూనివర్సిటీ 1998లో ఒక పాత సైనిక బ్యారక్స్‌లో ఇలాంటి కాలేజీ పెట్టింది. చిన్న క్లాసులే దాని పునాది. తర్వాత మాస్ట్రిక్ట్, ఆమ్‌స్టర్‌డామ్, లైడెన్ యూనివర్సిటీలూ అదే దారి పట్టాయి. సింగపూర్‌లో అమెరికాలోని యేల్, అక్కడి నేషనల్ యూనివర్సిటీ (ఎన్‌యూఎస్) కలిసి పెట్టిన యేల్-ఎన్‌యూఎస్ కాలేజీ 2013లో మొదటి బ్యాచ్‌ని చేర్చుకుంది. 2021లో దాన్ని ఎన్‌యూఎస్‌లోని మరో ప్రోగ్రామ్‌తో విలీనం చేస్తామని ప్రకటించారు, 2025తో అది ముగిసిపోయింది. మూసేయడానికి ఒక ప్రకటన చాలింది. అక్కడ పోగైన అధ్యాపకులను, వాళ్ల అలవాట్లను మళ్లీ ఒక చోటికి తేవాలంటే ఎన్నేళ్లు పడుతుందో మీరే ఆలోచించండి.

ఉద్యోగాల సంగతి మీరు అడుగుతారు, అడగాలి కూడా. కాకపోతే చదువు ముగిసిన ఆరు నెలలకి వచ్చే జీతం ఒక్కటే చూసి తేల్చకండి. పదేళ్ల కిందట చదివి వెళ్లినవాళ్లని పిలిచి, ఇప్పుడేం చేస్తున్నారో, ఎన్నిసార్లు పని మారారో అడిగించండి.

ఖర్చు తగ్గించక తప్పదంటే మా కొత్త భవనం రెండేళ్లు ఆపండి. పాత గదుల్లో సర్దుకుంటాం. ఇరవై మంది పరిమితిని మాత్రం ముట్టుకోకండి.

ఇట్లు,
ఒక యూనివర్సిటీ కాలేజీ అధ్యాపకురాలు