అమ్మకి, నేను తినే చోటు గురించి

న్యూయార్క్

అమ్మా,

నువ్వూ నాన్నా కులాసాగా ఉన్నారని తలుస్తాను. నేనిక్కడ క్షేమం. డ్యూటీ దిగేసరికి రాత్రి పదకొండవుతుందని చెప్పిన దగ్గర్నుంచి ఎప్పుడు ఫోన్ చేసినా ఒకటే అడుగుతున్నావు, అంత రాత్రప్పుడు తిండి ఎక్కడ దొరుకుతుందని. "తిన్నానమ్మా" అంటే నీకు చాలదని నాకు తెలుసు. అందుకే ఆ సంగతంతా ఈ ఉత్తరంలో రాస్తున్నాను.

సబ్‌వే రైలు దిగి, మెట్లెక్కి పైకి రాగానే మా వీధి మూల మీద ఒక పిజ్జా కొట్టు ఉంది. గది సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఒక పక్క అద్దాల కౌంటరు, దాని వెనక రెండు పెద్ద ఓవెన్లు. ఎదుటి గోడ పొడవునా నిలబడి తినడానికి ఒక సన్నటి బల్ల. వేసవిలో వీధి వైపు కిటికీ తెరిచి ఐస్‌క్రీం, నిమ్మకాయ ఐస్ అమ్ముతారు. ఇక్కడ పిజ్జా ముక్కల లెక్కన ఇస్తారు. నిండు పిజ్జా ఈ ఊళ్లో మామూలుగా 18 అంగుళాల వెడల్పుంటుంది, ఎనిమిది ముక్కలు. అది నలుగురు కూర్చుని తినేది. నాలా ఒక్కళ్లే ఉన్నవాళ్లకి ఒక ముక్క చాలు, బాగా ఆకలేస్తే రెండు.

వచ్చిన కొత్తలో హోటలుకి వెళ్తే గుమ్మంలోనే "ఎంతమంది?" అని అడిగేవాళ్లు. "ఒక్కరే" అని చెప్పడం నాకు ఎంత కష్టంగా ఉండేదో నీకు చెప్పలేదు. ఇద్దరికి వేసిన బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఎదుటి పళ్లెం, గ్లాసు తీసేసేవాళ్లు. ఈ కొట్లో ఆ మాటే రాదు. ఏ ముక్క కావాలని మాత్రమే అడుగుతారు. పక్కన టాక్సీ నడిపే ఆయన, ఆస్పత్రి బట్టల్లోనే వచ్చిన నర్సు, పుస్తకాల సంచీతో కాలేజీ పిల్లాడు, అందరూ ఎవరి ముక్క వాళ్లు తింటూ ఉంటారు. అందరూ ఒక్కొక్కరుగానే వస్తారు కాబట్టి ఎవరూ ఒంటరిగా కనిపించరు. నా టెన్షన్ సగం అక్కడే పోయింది.

ముక్క ఎలా ఇస్తారో చెప్తాను, నీకు వంట సంగతులు ఇష్టం కదా. ముందే కాల్చిన పిజ్జాలు అద్దం వెనక వరసగా ఉంటాయి. మనం అడిగిన ముక్కని కొట్టాయన చెక్క తెడ్డు మీద పెట్టి ఓవెన్లోకి తోస్తాడు. లోపల నేలంతా రాతి పలక. ముక్క కింద పళ్లెం ఉండదు, నేరుగా ఆ వేడి రాతి మీదే వేస్తాడు. రెండు నిమిషాల్లో అడుగు కరకరలాడుతుంది, చీజ్ మళ్లీ కరిగి బుడగలొస్తాయి. తీసి పల్చటి పేపర్ ప్లేట్లో వేసి ఇస్తాడు. వెనక అంచు పట్టుకుని మధ్యకి మడిచి తినాలి, లేకపోతే ముందు కొన వాలిపోయి పైనున్నదంతా జారిపోతుంది. కౌంటరు చివర ఒరెగానో అనే ఎండాకు, వెల్లుల్లి పొడి, కచ్చాపచ్చాగా దంచిన ఎండుమిరపకాయల డబ్బాలుంటాయి. ఎండుమిరప నేను గట్టిగానే చల్లుకుంటాను. నేను ఎప్పుడూ సాదా చీజ్ ముక్కే తీసుకుంటాను. అందరూ ఎక్కువగా కొనేది అదే కాబట్టి అది నిలవ ఉండదు. ఏవేవో పైన వేసి అందంగా కనిపించేవి మధ్యాహ్నం నుంచీ అలాగే ఉండిపోతాయి.

పిండి కలిపి ఫ్రిజ్‌లో ఒక రోజైనా ఉంచుతారట. అందువల్లే రుచి వస్తుంది, సాగదీసినా చిరగదు. చీజ్ కూడా నీళ్లు తక్కువుండే మొజరెల్లా వాడతారు. తాజాది వేస్తే నీరు వదిలి ముక్క మెత్తబడిపోతుంది.

నువ్వు తప్పకుండా అడిగేది ఇంకోటుంది, అందులో నీసు ఏమైనా కలుస్తుందా అని. అది కూడా కనుక్కున్నాను. పైన తురిమే పెకోరినో రొమానో అనే చీజ్‌కి పాలు విరగ్గొట్టడానికి గొర్రెపిల్ల కడుపులోంచి తీసిన రెన్నెట్ వాడతారు. మా కొట్లో అది వెయ్యరు. మొజరెల్లాలో వాడింది జంతువులది కాని రెన్నెట్ అని పెట్టె మీద రాసి ఉంటే, కొట్టాయనే తెచ్చి చూపించాడు. పిజ్జా కొయ్యడానికి చక్రంలాంటి కత్తి ఉంటుంది, మాంసం వేసిన పిజ్జా కోసిన చక్రంతో నాది కొయ్యొద్దని ఒకసారి అడిగాను. అప్పటినుంచి నన్ను చూడగానే కడిగిన చక్రం తీస్తాడు. ఆయనది ఈ దేశం కాదు, నాదీ కాదు. ఆ మాత్రం మర్యాద దొరికితే ఇంత పెద్ద ఊళ్లో మనసు కుదుటపడుతుంది.

ఈ ఊళ్లో పాత పిజ్జా హోటళ్లు బొగ్గు ఓవెన్లవి. స్ప్రింగ్ స్ట్రీట్‌లో లొంబార్డీస్ 1905 నాటి పేరు. బ్లీకర్ స్ట్రీట్‌లో 1929 నాటి జాన్స్ వాళ్లయితే ముక్కలు అమ్మనే అమ్మరు, ఆ మాట గుమ్మం పైనే రాసిపెట్టుకున్నారు. బొగ్గు సెగకి పిజ్జా నిమిషాల్లో కాలుతుంది, అప్పటికప్పుడు తినెయ్యాలి. తర్వాత వచ్చిన గ్యాస్ ఓవెన్లలో సెగ తక్కువ, కాలడం నిదానం. అందుకే ఆ పిజ్జా మళ్లీ వేడి చేసినా పాడవదు. అలా పనికి వెళ్లేవాళ్లు దారిలో ఒక్క ముక్క తిని పోయే కొట్లు వీధివీధికీ వచ్చాయి. బొగ్గుదే గొప్పదని ఇక్కడ వాదించేవాళ్లున్నారు. నా మటుకు నాకు గ్యాస్ ఓవెనే మేలు చేసింది.

ఖర్చు సంగతి నాన్న అడుగుతారు. సబ్‌వే టికెట్టూ, పిజ్జా ముక్కా ఒకే ధరలో నడుస్తాయని ఇక్కడివాళ్లు ఎప్పట్నుంచో అంటుంటారు. 1980లోనే న్యూయార్క్ టైమ్స్‌లో ఈ మాట వచ్చింది. 2023లో టికెట్ 2.90 డాలర్లయింది. ఇప్పుడు మా కొట్లో ముక్క టికెట్ కన్నా కాస్త ఎక్కువే. అయినా ఇక్కడ కడుపు నింపుకోవడానికి ఇంతకన్నా చవగ్గా వేడివేడిగా దొరికేది నాకు కనిపించలేదు. దీని ధర ఇంకా పెరిగిపోతే రాత్రి డ్యూటీల వాళ్లం చాలామందిమి ఇబ్బంది పడతాం.

రోజూ ఇదే తినడం లేదు, బెంగపెట్టుకోకు. సెలవు రోజుల్లో వండి డబ్బాల్లో పెట్టుకుంటున్నాను.

మీరిద్దరూ వస్తే జూన్, జులైల్లోనే రండి, చలికాలం అయితే ఐస్ కిటికీ మూసేస్తారు. మిమ్మల్ని బ్రూక్లిన్‌లో ఎల్ అండ్ బి స్పుమోనీ గార్డెన్స్‌కి తీసుకెళ్తాను. లుడోవికో బర్బాటీ అనే ఇటలీ ఆయన 1939లో పెట్టాడు. పిజ్జా, ఐస్‌క్రీం రెండూ అక్కడే. చదరపు ముక్క వాళ్ల ప్రత్యేకం. చీజ్ కింద వేసి టమాటా పైన పోస్తారు, అందుకని పిండి తడవదు. దాని మీద పెకోరినో చల్లుతారు కాబట్టి అది మనకొద్దు. బయట ఎర్ర బల్లల దగ్గర కూర్చుని ఐస్ తిందాం. నిమ్మకాయ ఐస్‌లో పాలు కూడా ఉండవు, నీళ్లు, పంచదార, నిమ్మరసం అంతే. నీకు అది నచ్చుతుందని నా నమ్మకం. నాన్నకి చల్లటివి పడవంటావు గానీ, ఒక కప్పు తింటే ఏమీ కాదు.

నాన్న పాస్‌పోర్టు రెన్యువల్ ఎంతవరకు వచ్చిందో ఈ ఆదివారం ఫోన్లో చెప్పు. అది వచ్చాక టికెట్లు నేను చూస్తాను.

ఉంటాను,
నీ చిన్ని