మామ్మ పద్దుపుస్తకంలో నీ బియ్యం

విజయనగరం

ప్రియమైన మిత్రమా,

నిన్న అటక మీది సామాను దించుతుంటే మామ్మ పద్దుపుస్తకం దొరికింది. ముందు పుటల్లో పాల లెక్కలు. వెనక నుంచి తిరగేసి చూస్తే మా ఊరి పైడితల్లి అమ్మవారి సిరిమాను పండుగ లెక్కలు. ఏటా ఎవరెవరు వస్తారు, ఎవరికెంత బియ్యం పోయాలి, అంతా రాసుకుంది. బొబ్బిలి దొడ్డమ్మ వాళ్లు అయిదుగురు, పార్వతీపురం అత్తయ్య వాళ్లు నలుగురు, ఆమదాలవలస బాబాయి వాళ్లు ముగ్గురు. మనిషికి సోలెడు. అందరి కిందా 'మనవడి స్నేహితుడు' అని రాసి, ఎదురుగా తవ్వెడు, అంటే రెండు సోలలు! నీ ఆకలి సంగతి ఆవిడకి ఎంత బాగా తెలుసో చూడు. నిచ్చెన మీదే చాలాసేపు కూర్చుండిపోయాను.

సంక్రాంతికి మా వాళ్లు ఎవరి ఊళ్లో వాళ్లే ఉండేవారు. దసరా వెళ్లిన మంగళవారానికి మాత్రం అందరూ మా ఇంటికే. ముందురోజు సోమవారం జరిగే తొలేళ్ల ఉత్సవానికే సగం మంది దిగేవారు. ఆ రాత్రి అమ్మవారి పేరున పంచే విత్తనాలను బాబాయి కండువా కొంగున ముడివేసుకుని తెచ్చి, తెల్లవార్లూ తలకిందే పెట్టుకునేవాడు. తన విత్తనాల్లో అవి కలిపితేనే ఆయనకి నమ్మకం. వరండాలో చాపల మీద మనం వరసగా పడుకుంటే, తాతయ్య విజయనగరం, బొబ్బిలి రాజుల మధ్య 1757లో జరిగిన బొబ్బిలి యుద్ధం కథ ఎత్తుకునేవాడు. అన్న, విజయనగరం రాజు విజయరామరాజు పోయాడని తెలిసి పైడిమాంబ పెద్దచెరువులో కలిసిపోయి, పైడితల్లి అమ్మవారిగా వెలిసిందనే చోట ఆయన గొంతు ప్రతి ఏడూ జీరబోయేది. దొడ్డమ్మది బొబ్బిలి కదా, కథ అక్కడికి వచ్చేసరికి వంటింట్లోకి వెళ్లిపోయేది. అప్పుడు మనకి అర్థం కాలేదు. ఇంటి కోడలికి పుట్టింటి బాధ ఎంత పాతదైనా పాతబడదని ఇప్పుడు తెలుస్తోంది.

మంగళవారం ఆవ పెట్టిన పులిహోర, కందాబచ్చలి కూర తిని, మధ్యాహ్నానికే మూడు లాంతర్ల దగ్గర చోటు పట్టేవాళ్లం. ఊరేగింపులో పాలధార, తెల్ల ఏనుగు, బెస్తవారి వల, అంజలి రథం, వాటి వెనక సిరిమాను, అంటే పొడవాటి చింతమాను. ఆ మాను చివర అంత ఎత్తున పూజారి కూర్చుని వస్తుంటే జనం అరటిపళ్లు విసిరేవారు. గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరిగేది. మొదటిసారి నువ్వు మా నాన్న భుజాల మీద ఎక్కి చూశావు. నాకు రెండోసారికి గానీ వంతు రాలేదు. ఆ కోపం ఎప్పుడో పోయింది. నాన్న భుజాలు ఇద్దరికీ దొరికాయన్న సంతోషమే మిగిలింది.

2014 నీకు చెప్పాలి, నువ్వు రాని ఏడు అది. పండుగ అయ్యాక కొందరు ఆగిపోయారు. ఆ ఆదివారం, అక్టోబరు 12న, హుద్‌హుద్ తుపాను విరుచుకుపడింది. పెరటి వేపచెట్టు కూలింది. రోజుల తరబడి కరెంటు లేదు. పదకొండు మందిమి ఒకే గదిలో, ఒకే లాంతరు చుట్టూ. మామ్మ ఉన్న బియ్యమే కొలిచి కొలిచి గంజి వార్చకుండా వండి పెట్టింది. పుస్తకంలో ఆ వారానికి 'అందరూ ఉన్నారు' అని మాత్రమే రాసి ఉంది. కొలత వేయలేదు.

2020లో కరోనా వల్ల ఎవరూ రాలేదు. సిరిమానును టీవీలో చూశాం. తర్వాత ఏళ్లలో తాతయ్య, ఆ వెనకే మామ్మ పోయారు. పిల్లలు బెంగళూరు, హైదరాబాదు అంటూ వెళ్లిపోయారు. రెండేళ్లుగా మా ఇంట్లో పండుగకి పెద్ద గిన్నె దించలేదు.

ఈసారి దించుతాను. అందరికీ ఫోన్లు చేశాను. దొడ్డమ్మ మోకాళ్ల నొప్పులతోనే వస్తానంది. నీ కొడుకు సిరిమానును ఎప్పుడూ చూడలేదన్నావు కదా, తీసుకురా. నాన్న ఇప్పుడు ఎవరినీ ఎత్తలేడు కానీ నా భుజాలు ఉన్నాయి. పద్దుపుస్తకంలో కొత్త పుట తీసి నీకు తవ్వెడు, మీ ఆవిడకి సోలెడు రాశాను. పిల్లవాడు ఎంత తింటాడో, ఏ రైలుకి వస్తున్నారో రాయి.

నీ
విజయనగరం నేస్తం