ముందు మా బోరు నీళ్ళు పరీక్షించండి: కేంద్ర పెట్రోలియం మంత్రికి కోనసీమ నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర పెట్రోలియం, సహజవాయు శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

2025లో చమురు క్షేత్రాల చట్టాన్ని సవరించి, షేల్ అనే గట్టి బంకరాతి పొరల్లో ఇరుక్కుని ఉండే చమురునీ గ్యాస్‌నీ, అంటే షేల్ ఆయిల్‌నీ షేల్ గ్యాస్‌నీ, పేరుపెట్టి మరీ అందులో చేర్చారు. పాత క్షేత్రాల్లో షేల్ వెతుక్కునే వీలు కంపెనీలకు 2018లోనే ఇచ్చారు. మా కృష్ణా-గోదావరి బేసిన్ అడుగున రాఘవపురం షేల్ ఉందని మీ శాఖకు మాకంటే బాగా తెలుసు. రిగ్గు ఎప్పుడొస్తుందో గానీ, అది వచ్చేలోపే తేల్చాల్సిన సంగతి ఒకటుంది.

చమురు తవ్వకాలు మాకు కొత్త కాదు. 1995లో పాశర్లపూడి బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. 2014లో నగరం అనే ఊళ్ళో గ్యాస్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా పోయారు. కళ్ళెదుటి మంట కాబట్టి ఎవరూ కాదనలేకపోయారు. షేల్ రాయిని చిట్లించి చమురు, గ్యాస్ తీసే పద్ధతిని ఫ్రాకింగ్ అంటారు; అందులో జరిగే తప్పు అలా కనబడదు.

బావిని రెండు మూడు కిలోమీటర్ల లోతుకు దించి, అక్కడ అడ్డంగా తిప్పి, షేల్ పొర వెంబడే తొలుచుకుంటూ పోతారు. నీళ్ళూ ఇసుకా రసాయనాలూ కలిపి, రాయి చిట్లేంత ఒత్తిడితో విడతలు విడతలుగా కొడతారు. 2014లో అమెరికాలో ఇలాంటి చమురు బావి ఒక్కోదానికి మధ్యస్థంగా కోటిన్నర లీటర్ల నీళ్ళు పట్టాయి. ఏప్రిల్, మే నెలల్లో కాలువలు కట్టేస్తే చెరువుల్లో నింపుకున్న నీళ్ళే తాగే ఊళ్ళు మావి.

నిజానికి అంత లోతున పడ్డ పగులు మా బోర్ల దాకా పాకడం అరుదు. మా భయం వేరు. గొట్టం చుట్టూ పోసిన సిమెంటు సరిగా పట్టకపోతే గ్యాస్ దాని పక్కనుంచే పైకి ఎగబాకుతుంది. రాయిని చిట్లించాక వెనక్కి వచ్చే నీళ్ళలో ఉప్పు, బేరియం, ఒక్కోచోట రేడియోధార్మికత ఉన్న రేడియం కూడా ఉంటాయి. ట్యాంకరువాడు వాటిని రాత్రిపూట కాలువలో ఒంపేస్తే?

అప్పుడు మేం ఏమని రుజువు చేస్తాం? ఇక్కడ మంచినీళ్ళు ఉప్పునీళ్ళ మీద పలచగా తేలే పొర. బోరు ఉప్పుగా మారితే సముద్రం ఎక్కిందంటారు, లేదా రొయ్యల చెరువుల పుణ్యమంటారు. నీళ్ళలో మీథేన్ గ్యాస్ వస్తే డెల్టా బురదలో అది మామూలేనంటారు. ఒక్కోసారి అవి నిజం కూడా కావచ్చు, చిక్కంతా అక్కడే! అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, డిమాక్ అనే ఊళ్ళో 2009లో ఓ ఇంటి నీళ్ళ బావి పేలింది. మీథేన్ ముందునుంచీ ఉన్నదేనని అక్కడ షేల్ గ్యాస్ తవ్విన కంపెనీ ఏళ్ళ తరబడి వాదించింది. దాని మీద పెట్టిన క్రిమినల్ కేసు 2022లో గానీ ముగియలేదు.

అదే పెన్సిల్వేనియా 2012లో ఓ చట్టం చేసింది. షేల్ బావికి 2,500 అడుగుల లోపు, పని ముగిసిన 12 నెలల లోపు తాగునీరు చెడితే బాధ్యత కంపెనీదేనని ముందే అనుకుంటారు. కాదనాలంటే, తవ్వకానికి ముందే నీళ్ళు చెడి ఉన్నాయని చూపే పరీక్షలాంటి ఆధారాన్ని కంపెనీయే తేవాలి. దాంతో పరీక్ష చేయించడం కంపెనీకే అవసరమైంది.

మాకూ ఆ నియమమే కావాలి. 2020 నుంచి అన్వేషణ బావులకు ప్రజాభిప్రాయ సేకరణ కూడా లేదు. అది పర్యావరణ శాఖ నిర్ణయమని తప్పించుకోకండి, చమురు నియమాలు రాసేది మీరే. లైసెన్సు షరతుల్లోనే పెట్టండి: కంపెనీ ఎంచుకోని ప్రయోగశాల మా బోర్లలో క్లోరైడ్, బేరియం, మీథేన్ కొలవాలి. ఆ మీథేన్ బురదలో పుట్టిందో లోతు రాతిలోంచి వచ్చిందో ఐసోటోపు పరీక్షతో తేల్చాలి. ఫలితాలు తెలుగులో గ్రామ సచివాలయం గోడకు అంటించాకే మొదటి పంపు ఆడాలి.

ఇట్లు,
కోనసీమ కొబ్బరి రైతు ఒకడు