నేను తీసి పారేసేదే నీకు కావాలి

బాలానగర్,
హైదరాబాద్

బుజ్జీ,

నువ్వు చేసిన అల్యూమినియం నురగ (ఫోమ్) ముక్కది పంపిన ఫొటో షెడ్డులో సరిగా కనబడక, బయట టీ బండి దగ్గర నిలబడి చూశాను. కోసిన ముక్కలో పైసగం శనగగింజంత బొక్కలు, అడుగున వేలెడు మందాన గట్టి గడ్డ. ఫోన్లో నీ గొంతు విన్నాక అమ్మకు నిద్ర పట్టలేదు. నాకు మాత్రం కొంచెం నవ్వొచ్చింది, ఏమీ అనుకోకు. అల్యూమినియం పోతలో ఒక్క బుడగ ఉండకూడదని 28 ఏళ్లుగా కొట్టుకుంటున్నవాణ్ని నేను. నా కూతురికేమో బుడగలు నిలవట్లేదని ఏడుపు!

మాకు హైడ్రోజన్ అంటే శని. అప్పుడే కరిగిన 100 గ్రాముల అల్యూమినియం దాదాపు 0.7 సీసీ హైడ్రోజన్‌ను పట్టి ఉంచుకుంటుంది. గడ్డకట్టాక 0.04 కూడా పట్టదు. మిగిలిందంతా బొక్కలై కూర్చుంటుంది. ఒక వానాకాలం తడి స్క్రాప్ వేసి, 40 పంపు బాడీలు లీకేజీ టెస్టులో తిరిగొచ్చాయి గుర్తుందా? నీ పదో తరగతి ఫీజు ఆలస్యమైంది అందుకే. నువ్వేమో వేడికి హైడ్రోజన్ వదిలే టైటానియం హైడ్రైడ్ పొడి వేసి ఆ శనినే ఇంటికి పిలుస్తున్నావు.

నీ సెమినార్ రిపోర్టు ఇక్కడే వదిలేశావుగా, రెండుసార్లు చదివాను. బుడగ పుట్టించడం పెద్ద పని కాదు, నిలబెట్టడమే కష్టం. చిన్నప్పుడు తలంటికి అమ్మ కుంకుడుకాయలు పిసికితే చెంబు నిండా నురగ లేచేది. కళ్లు మండి నువ్వు ఇల్లు పీకి పందిరేసేదానివి. ఉత్త నీళ్లు ఎంత చిలికినా ఆ నురగ రాదు. కుంకుడులోని సరుకు నీటిపొరను పట్టుకుని చిరగనివ్వదు. అల్యూమినియానికి అలాంటి సబ్బు లేదు. పైగా దాని తలతన్యత నీటికి పన్నెండు రెట్లు. బుడగల మధ్య గోడలోని ద్రవం కొంత బరువుకు కిందికి జారుతుంది, కొంతను బుడగలు కలిసే మూలలు లాగేసుకుంటాయి. గోడ పలచబడి తెగిందంటే రెండు బుడగలు ఒకటైపోతాయి. నీ ముక్క అడుగున గడ్డ అలా జారిందే.

దీనికి అడ్డుపడేదేమిటో చదివి కాసేపు గరిట పక్కన పెట్టేశాను. ఆక్సైడట! రోజూ ఫర్నేసులో కరిగిన లోహం మీంచి నేను తీసి పారేసే తెట్టులో, అదే డ్రాస్‌లో, ఉండేది అదే కదా. ఈ నురగ చేసే అల్పోరాస్ పద్ధతిలో 680 డిగ్రీల దగ్గర 1.5 శాతం క్యాల్షియం వేసి గాలి తగిలేలా కలుపుతారని, ఆక్సైడ్లు పుట్టి ద్రవం చిక్కబడ్డాకే 1.6 శాతం హైడ్రైడ్ వేస్తారని నువ్వే రాశావు. డ్రాస్ కలిస్తే మెటల్ అచ్చులోకి సరిగా పారదని మేం తిట్టుకుంటాం. నీకు కావలసింది ఆ పారకపోవడమే.

గాలి ఊదే పద్ధతిలో సిలికాన్ కార్బైడ్ రేణువులు కూడా ఇలాగే కాపలా కాస్తాయన్నావు. ఆ రేణువు సగం తడిసీ తడవక ఉండాలన్నమాట నాకు భలే నచ్చింది. పూర్తిగా తడిస్తే ద్రవంలోకి మునిగిపోతుంది, అసలు తడవకపోతే బుడగలోకి జారి గోడను వదిలేస్తుంది. మధ్యరకంగా ఉన్నదే గోడకు అతుక్కుని నిలుస్తుంది.

నా అనుమానాలు రెండు. క్యాల్షియం వేశాక ఎంతసేపు కలిపావు? చెయ్యి బరువెక్కేదాకా కలపాలి. హైడ్రైడ్ వేశాక ఎంతసేపు ఫర్నేసులో ఉంచావు? అది 400 చిల్లర డిగ్రీలకే గ్యాసు వదలడం మొదలెడుతుంది, 680లో నీకు టైమిస్తుందా? ఆ పొడిని ముందే గాలిలో వేడిచేసి ఆక్సైడ్ పొర పట్టిస్తే నెమ్మదిగా వదులుతుందని నీ రిపోర్టులోనే ఉంది. మరి చేశావా? పొంగు అంచుకు రాగానే తీసి చల్లార్చు. ద్రవంగా ఉన్నంతసేపూ జారుతూనే ఉంటుంది.

దసరాకి వచ్చేటప్పుడు ఆ చెడిపోయిన ముక్క పట్టుకురా. బకెట్ నీళ్లలో వేద్దాం. గడ్డవైపు కిందికి పెట్టి తేలుతుందని నా పందెం. మునుగుతుందని అమ్మ పందెం.

నాన్న