మామయ్య ఫిడేలు

లండన్.

పూజ్యురాలైన అమ్మకు నమస్కరించి వ్రాయునది.

అటక మీదున్న మామయ్య ఫిడేలును ఎవరికైనా ఇచ్చివేస్తానని నువ్వు ఫోనులో అన్న మాట నాలుగు రోజులుగా నా మనసును వదలడం లేదు. అప్పుడు నోట మాట రాలేదు కనుక ఇప్పుడు రాస్తున్నాను.

పోయిన శనివారం ఇక్కడ థేమ్స్ ఒడ్డున రాయల్ ఫెస్టివల్ హాలులో ఖైదీల కళాప్రదర్శన చూశాను. 1937లో స్పెయిన్ చెరసాలలో మరణశిక్ష భయంతో రోజులు గడిపిన ఆర్థర్ కోస్లర్ అనే రచయిత, ఖైదీల కళకు బహుమతులిచ్చే ఏర్పాటును 1962లో మొదలుపెట్టాడు. ఆయన పేరిట ఉన్న సంస్థే ఈ ప్రదర్శనను జరుపుతుంది. అగ్గిపుల్లలతో కట్టిన ఒక పడవ ముందు చాలాసేపు నిలబడ్డాను. చేసినవారి పేరు అక్కడ లేదు, చేసిన నేరమూ రాసిలేదు. చూసినవారు రాసిన మాటలను ఆ ఖైదీలకు చేరవేస్తారని తెలిసి, తెడ్లను ఎంత ఓపికగా చెక్కారో అని రెండు వాక్యాలు రాశాను. రాశాక చేయి ఆగిపోయింది. ముఖమైనా ఎరగని మనిషికి రాయగలిగిన మంచిమాట, మామయ్య చంచల్‌గూడ జైలులో ఉన్న మూడేళ్లలో నేను ఒక్కసారైనా రాయలేదు.

ఆయన చేసింది చిన్న తప్పు కాదు. చీటీ పాడుకున్నవారికి ఇవ్వవలసిన డబ్బును సొంత అప్పులకు కట్టుకున్నాడు. పక్కింటి పిన్నిగారి అమ్మాయి పెళ్లి ఆగిపోయింది. నాకు సరళీ స్వరాలు పలికించిన చేయీ, చీటీ పుస్తకంలో దొంగ లెక్క రాసిన చేయీ ఒకటేనని నాకు తెలుసు. కానీ భక్త రామదాసు పేరిట సికింద్రాబాదులో ఉన్న సంగీత కళాశాలలో ఆయన నేర్చిన విద్య ఆ తప్పుకు ఎన్నో ఏళ్ల ముందు నుంచీ ఆయనది.

గోల్కొండ కోటలో రామదాసు బందీఖానాను నువ్వే కదా నాకు చూపించావు. సర్కారు సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించినందుకు ఆయన 12 ఏళ్లు అక్కడ మగ్గాడని చెప్పావు. మామయ్య కట్టించింది గుడి కాదు, అందుచేత పోలిక పెట్టను. అయితే రామదాసు కీర్తనలోనూ సొమ్ము లెక్క ఉంది: ఏ నగకు ఎన్ని వరహాలైనదీ ఎంచి చెప్పి రాముణ్ణి నిలదీశాడే తప్ప, పాట మాటున లెక్కను దాచలేదు. మామయ్య బాకీ కూడా తీరేదాకా బాకీగానే ఉండనీ. దానికోసం ఆయన చేతిలోని రాగాన్ని దూరం చేయవద్దని మాత్రమే నా మనవి.

ఇక్కడి ఖైదీల ప్రదర్శనలో అమ్ముడైన బొమ్మల సొమ్ములో కొంత నేరబాధితులకు తోడ్పడే సంస్థకు వెళుతుంది. పిల్లలకు మామయ్య ఫిడేలు పాఠాలు చెప్పి, వచ్చిన ఫీజులో సగం నెలనెలా పిన్నిగారికి స్వయంగా తీసుకువెళ్లి ఇవ్వాలని ఆయనకు వేరే ఉత్తరం రాసి ఇందులోనే పెట్టాను. ముందు నువ్వు చదివి, తర్వాత ఆయనకు ఇవ్వు. బిరడాలు బిగుసుకుపోయి ఉంటాయి, బలవంతంగా తిప్పవద్దని చెప్పు. కొత్త తీగలు నేను పంపుతాను.

నీ కుమారుడు