రోగి నోటి మాటకు ఒక నిఘంటువు కావాలి

సంపాదకులకు నమస్కారం.

మాండలిక పదాలను పాఠ్యపుస్తకాల్లో చేర్చాలా వద్దా అని కొన్ని వారాలుగా మీ లేఖల పేజీలో వాదోపవాదాలు చదువుతున్నాను. చేర్చాలన్నవారు సంస్కృతి గురించి రాస్తున్నారు, వద్దన్నవారు పిల్లల మీద భారం గురించి రాస్తున్నారు. నేను నర్సుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నదాన్ని. నా ఉద్యోగ జీవితంలో పందొమ్మిదేళ్లు ఇంగ్లండులోని స్టోక్-ఆన్-ట్రెంట్‌లో గడిచాయి. రోగి తన బాధను తన ఊరి మాటలో చెప్పుకున్నప్పుడు, వినేవారికి ఆ మాట తెలియకపోతే ఏమవుతుందో అక్కడ కళ్లారా చూశాను. మీ చర్చలో ఈ సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి రాస్తున్నాను.

స్టోక్ పింగాణీకి పేరుపడిన ఊరు. ఒకప్పుడు బట్టీలు, బొగ్గు గనులు అక్కడి బతుకు. నేను వెళ్లిన మొదటి చలికాలం, 2001లో, మా వార్డులో ఎనభై దాటిన ఒక అవ్వ ఉండేది. పింగాణీ పాత్రలకు రంగులు వేసి బతికిన మనిషి. ఒక రాత్రి నన్ను పిలిచి, తాను ‘స్టార్వ్‌డ్’గా ఉన్నానంది. ఆకలితో మాడిపోతోందనుకుని రొట్టె, పాలు తెచ్చి ముందు పెట్టాను. ఆమె వాటిని ముట్టుకోలేదు. నేను ఇతర పనుల్లో పడిపోయాను. అరగంట తర్వాత అటుగా వచ్చిన స్థానిక నర్సు ఆమె చేతులు తాకి చూసి, రెండు దుప్పట్లు తెచ్చి కప్పింది. ఆ ప్రాంతంలో స్టార్వ్‌డ్ అంటే చలికి గడ్డకట్టిపోతున్నానని అర్థం. ఆకలైతే ‘క్లెమ్‌డ్’ అంటారు, పేగులు నొక్కుకుపోతున్నాయన్నట్టు. ఆ అవ్వ తప్పు మాట్లాడలేదు. పాత ఇంగ్లీషులో ‘స్టెఓర్వన్’ అంటే చనిపోవడం. చలితోనైనా ఆకలితోనైనా ప్రాణం పోవడమే దాని అర్థం. ప్రామాణిక భాష దాన్ని ఆకలికి కుదించుకుంది, ఉత్తరాది ఇంగ్లండు చలిని వదులుకోలేదు. ఆ అరగంట చలి ఆమెకు నా వల్ల కలిగింది. ఆ రాత్రి నుంచే ఒక నోటుపుస్తకం పెట్టుకుని, వినే ప్రతి కొత్త మాటా రాసుకోవడం మొదలుపెట్టాను.

ఆ పుస్తకంలో నేను ఎక్కువసార్లు గీత గీసుకున్న మాట ‘నెష్’. ఇంగ్లీషు బాగా వచ్చిన మన పట్టభద్రుల్లో కూడా ఈ మాట విన్నవారు అరుదు. స్టాఫర్డ్‌షైర్, డెర్బీషైర్, నాటింగ్‌హామ్‌షైర్, చెషైర్, లాంకషైర్ ప్రాంతాల్లో అది ఇప్పటికీ ఇంటి మాట. చలికి తట్టుకోలేని మనిషిని నెష్ అంటారు. అందరూ చొక్కాలతో తిరుగుతుంటే శాలువా కప్పుకునేవాడు నెష్. చన్నీళ్లలో దిగడానికి జంకేవాడూ నెష్షే.

ఈ మాట వయసు వెయ్యేళ్ల పైమాటే. పాత ఇంగ్లీషులో ఇది ‘హ్నెష్షె’. మెత్తనిది, లేతది అని అర్థం. మొదట్లో ఉన్న హకారం కాలక్రమంలో రాలిపోయింది. రొట్టెకు చెప్పే ‘లోఫ్’ కూడా ఒకప్పుడు ‘హ్లాఫ్’, అక్కడా ఇలాగే రాలింది. నెష్‌కు చుట్టం నాలుగో శతాబ్దపు గోథిక్ బైబిలులో కనబడుతుంది. గోథిక్ అంటే ఇంగ్లీషు కుటుంబానికే చెందిన, ఇప్పుడు అంతరించిన భాష. మత్తయి సువార్త పదకొండో అధ్యాయంలో మెత్తని బట్టలు తొడుక్కున్న మనిషి ప్రస్తావన వస్తుంది కదా, అక్కడ ‘మెత్తని’కి వాడిన గోథిక్ పదం ఈ వంశానిదే. మధ్యయుగపు ఇంగ్లీషు కవిత్వంలో ‘నెష్‌లోనూ హార్డ్‌లోనూ’ అనే పలుకుబడి ఉండేది. మెత్తనైనా గట్టిదైనా, అంటే సుఖంలోనైనా కష్టంలోనైనా అని. అక్కడి నుంచి లేత గడ్డికీ, సుకుమారమైన ఒంటికీ, చివరికి చలికి వణికే మనిషికీ ఈ మాట పాకింది.

ఈ ప్రయాణం తెలుగువారికి కొత్తగా అనిపించదు. మెత్తని పరుపు, మెత్తని మనసు అని మెచ్చుకునే మనమే ‘మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి’ అని కూడా అంటాం. పారసీకం నుంచి వచ్చిన నాజూకుకూ ఇదే గతి పట్టింది. చీర నాజూకుగా ఉంటే మెచ్చుకోలు, పనిలో దిగాల్సిన మనిషి నాజూకైతే ఎత్తిపొడుపు.

నెష్ ఒకప్పుడు ఇంగ్లండులో మరింత విస్తారంగా పలికేది. 1848లో ఎలిజబెత్ గాస్కెల్ మాంచెస్టర్ మిల్లు కార్మికుల మీద రాసిన ‘మేరీ బార్టన్’ నవల మొదటి అధ్యాయంలోనే ఈ మాట వస్తుంది. గడ్డి దాదాపు ఆరిపోయింది, కూర్చోండి, జలుబుకు భయపడే నెష్ మనుషులు కారు మీరు అని కార్మికుల మధ్య మాట నడుస్తుంది. చదువుకున్న పాఠకుడికి అది అర్థం కాదని, రచయిత్రి భర్త, మతాచార్యుడైన విలియం గాస్కెల్ పేజీ అడుగున దాని పాత ఇంగ్లీషు మూలాన్ని చూపించి ‘లేత’ అని అర్థం రాశారు. కార్మికుడి మాట మొరటుతనం కాదనీ, రాజధాని భాష మరిచిపోయిన పాత పదాన్ని కార్మికుడే కాపాడాడనీ ఆ ఒక్క వాక్యం చెప్పకనే చెప్పింది. దక్షిణాన డోర్సెట్‌కు చెందిన థామస్ హార్డీ 1887 నాటి నవలలో కూడా ఈ పదం ఉంది.

ఇలాంటి మాటలన్నిటినీ ఒకచోట చేర్చిన జోసెఫ్ రైట్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఆయన 1855లో యార్క్‌షైర్‌లో పేద కుటుంబంలో పుట్టారు. ఆరేళ్ల వయసులో రాతిక్వారీలో గాడిదబండి తోలారు, తర్వాత ఉన్ని మిల్లులో పనిచేశారు. పదిహేనేళ్లు వచ్చేదాకా ఆయనకు చదవడం రాదు. ఆ మనిషి ఆక్స్‌ఫర్డ్‌లో తులనాత్మక భాషాశాస్త్ర ఆచార్యుడయ్యారు. 1898 నుంచి 1905 వరకు ఆరు సంపుటాల్లో ఇంగ్లీషు మాండలిక నిఘంటువును వెలువరించారు. ఊరూరా ఉన్న స్వచ్ఛంద పాఠకులు కాగితపు చీటీల మీద పదాలు రాసి పంపితే, అచ్చు ఖర్చు భారాన్ని కూడా తానే నెత్తికెత్తుకున్నారు. ఏ మాట ఏ జిల్లాలో ఏ అర్థంలో నడుస్తుందో అందులో దొరుకుతుంది. ఇప్పుడు ఆస్ట్రియాలోని ఇన్‌స్‌బ్రుక్ విశ్వవిద్యాలయం దాన్ని కంప్యూటర్‌లో వెతుక్కునేలా చేసింది. 1950 నుంచి 1961 వరకు లీడ్స్ విశ్వవిద్యాలయం 313 ఊళ్లకు మనుషులను పంపి, వెయ్యికి పైగా ప్రశ్నలతో మళ్లీ సర్వే చేసింది. రైతులను, వృద్ధులను కూర్చోబెట్టి మాటలు అడిగి రాసుకున్నారు.

వార్డులో నెష్ ఎందుకు ముఖ్యమో రెండు సంగతులు చెబుతాను. మొదటిది, ఆ మాటలో నింద ఉంది. గనిలో, బట్టీలో పనిచేసిన తరం నెష్ అనిపించుకోవడాన్ని చిన్నతనంగా భావించేది. అందువల్ల ‘చలేస్తోందా?’ అని అడిగితే, ‘నేను నెష్ కాదమ్మా’ అని వణుకుతూనే జవాబు చెప్పేవారు. ఒంటి ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెల్సియస్ కంటే కిందికి పడిపోతే ప్రమాదమని మాకు నేర్పారు. ఆ జవాబు వినగానే థర్మామీటరు తీయాలని మాత్రం అనుభవమే నేర్పింది. ఇంట్లో హీటరు వెలిగించకుండా పరువు కోసం కూర్చునే ముసలివారిని ఆ మాటే పట్టించేది.

రెండోది, ఎన్నడూ నెష్ కాని మనిషి ‘ఈమధ్య నెష్ అయిపోయాను’ అంటే అది రోగలక్షణం. థైరాయిడ్ గ్రంథి మందగించినా, రక్తం తగ్గినా మనిషికి చలి ఎక్కువవుతుంది. ఆ మాట విన్న ఒక స్థానిక డాక్టరు వెంటనే రక్తపరీక్ష రాసి జబ్బును పట్టుకోవడం నేను పక్కనుండి చూశాను. అదే మాటను ముసలాయన చాదస్తంగా కొట్టిపారేసి ఉంటే ఆయన ఎన్ని నెలలు బాధపడేవాడో.

ఇక మన ఆసుపత్రుల సంగతి. ఒక ప్రాంతంలో పెరిగిన విద్యార్థి మరో ప్రాంతంలో హౌస్ సర్జన్ అవుతాడు. ఇంగ్లీషు మాధ్యమంలో చదివి, ఇంట్లో నగర తెలుగు మాట్లాడే పిల్లలే ఇప్పుడు ఎక్కువ. వారి ముందుకు వచ్చే రోగి రొంప అంటాడు, పడిశం అంటాడు, సర్ది అంటాడు. ఆయాసం అనేవారున్నారు, దమ్ము అనేవారున్నారు. నొప్పి విషయానికి వస్తే మన భాష ఎంత సంపన్నమో చూడండి: పోటు వేరు, సలుపు వేరు, తీపు వేరు, మంట వేరు. ‘ఒళ్లు తీపులు’ అన్న ముసలమ్మ మాటకు చక్కెరతో సంబంధం లేదని తెలియని కుర్రాడి చేతిలో ఆమె కేసు కాగితం ఉంటుంది. ‘వేడి చేసింది’ అన్నదాన్ని జ్వరమని రాసుకున్నవారిని నేను చూశాను. ఆ రోగికి జ్వరం లేదు, మూత్రంలో మంట ఉంది.

మాండలిక పదాలు సేకరించడం మనకు చేతకాని పని కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో వ్యవసాయ పదాల మాండలిక వృత్తి పదకోశాన్ని ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లోనే అచ్చువేసింది. చేనేత సంపుటం 1971లో వచ్చింది. నాగలి భాగాలకూ మగ్గం భాగాలకూ ఊరూరా ఏమంటారో రాసిపెట్టుకున్న జాతి, కడుపులో నొప్పికి ఏమంటారో కూడా అదే శ్రద్ధతో రాసిపెట్టుకోవాలి.

కాబట్టి రెండు రాష్ట్రాల ఆరోగ్య విశ్వవిద్యాలయాలకు మీ పత్రిక ద్వారా నా విన్నపం. వరంగల్‌లోని విశ్వవిద్యాలయం పేరే కాళోజీ నారాయణరావుది. ప్రజల పలుకుబడి కోసం జీవితమంతా వాదించిన కవి ఆయన. ఆ పని మొదలుపెట్టడానికి అంతకంటే తగిన చోటు నాకు తోచడం లేదు. ఇంటర్న్‌షిప్ చేసే విద్యార్థులు, నర్సింగ్ విద్యార్థులు తాము పనిచేసే జిల్లాలో రోగుల నోట విన్న మాటలను, ఏ సందర్భంలో విన్నారో సహా రాయాలి. ఆశా కార్యకర్తలను, ఏఎన్ఎంలను తప్పక అడగాలి, ఎందుకంటే ఆ మాటలు వారికి తెలిసినంతగా ఆచార్యులకు తెలియవు. తెలుగు విశ్వవిద్యాలయం భాషావేత్తలు వాటిని సరిచూసి, ఫోనులో వెతుక్కునేలా అందుబాటులో పెట్టాలి. రోగుల పేర్లు, వివరాలు ఎక్కడా రాకూడదు, మాట ఒక్కటే చాలు.

తిరిగి వచ్చాక తూర్పు గోదావరి పల్లెల్లో నేను విన్న మాటలు నా నోటుపుస్తకం వెనక పేజీల్లో రెండు వందలకు పైగా ఉన్నాయి. ఈ పని ఎవరు చేపట్టినా వాటిని తిరగరాసి పంపుతాను.

— ఒక విశ్రాంత నర్సు, కాకినాడ