రేడియేటర్‌లో బోరు నీళ్ళు, గేర్‌బాక్సులో నీళ్ళు: ఆలస్యానికి అసలు కారణం

మన షెడ్డులో బండ్లు పెట్టి ఎదురుచూస్తున్న అందరికీ ముందుగా క్షమాపణ. షెడ్డులో ఉన్నదే ఒక్క లిఫ్టు, పదకొండు రోజులుగా దాని మీద ఒకే కారు ఉంది. ఫోన్ చేసిన ప్రతిసారీ రేపు, ఎల్లుండి అంటూ వచ్చాను. ఏం జరిగిందో దాచకుండా చెప్తాను.

కారు ధర్మవరంలో చీరల వ్యాపారం చేసే అన్నది. 2012 మోడల్ ఆటోమేటిక్. నెలకు మూడు నాలుగుసార్లు బెంగళూరు పోయి వస్తుంటారు. పొద్దున బాగానే ఉంటుంది, పెనుకొండ దాటేసరికి ఇంజను అరుస్తుంది గానీ బండి పోదు, గేరు లివర్ డి (డ్రైవ్) లో వేస్తే రెండు మూడు సెకన్లు ఆగి ధడేల్‌మని పట్టుకుంటుంది అన్నారు. స్కానర్ పెడితే పి0730 అనే కోడ్ వచ్చింది. వేసిన గేరుకు గేర్‌బాక్సులోకి వచ్చే స్పీడుకూ బయటికి పోయే స్పీడుకూ లెక్క కుదరడం లేదని దాని అర్థం. ఎందుకు కుదరడం లేదో ఆ కోడ్ చెప్పదు. గేర్లు మార్చడానికి ఆయిల్‌ను అటూ ఇటూ పంపే కరెంటు వాల్వులు, అంటే సోలినాయిడ్లే పోయాయి అనుకున్నాను. రెండు మార్చి, ఆయిల్ మార్చి, 18,500 తీసుకుని పంపించాను.

నాలుగు వందల కిలోమీటర్లు తిరక్కుండానే కారు టోయింగ్ బండి మీద వెనక్కి వచ్చింది.

ఈసారి గేర్‌బాక్సు కింద ఆయిల్ ఉండే చాంబర్ విప్పాను. ఎర్రగా ఉండాల్సిన ఆయిల్ రోజ్ మిల్క్ మాదిరి ఉంది. చాంబర్ లోపలి అయస్కాంతానికి ఇనుప పొడి ముద్దగా పట్టింది, అడుగున క్లచ్ ప్లేట్ల నుంచి ఊడిన లైనింగ్ ముక్కలు. నీళ్ళు కలిశాయని చూడగానే తెలిసింది. మొదటిసారి తీసిన ఆయిల్ కూడా ఇలాగే ఉండుంటుంది. పిల్లోడు దాన్ని నేరుగా డ్రమ్ములో పోశాడు, నేను చూడలేదు. వాడి తప్పేమీ లేదు, చూడాల్సింది నేను.

ఆ నీళ్ళు రేడియేటర్‌వి. చాలా ఆటోమేటిక్ బండ్లలో గేరు ఆయిల్‌ను చల్లబరిచే చిన్న కూలర్ రేడియేటర్ ట్యాంకు లోపలే ఉంటుంది. ఆ అన్న దగ్గరి డ్రైవర్ ఎండాకాలమంతా రేడియేటర్‌లో కూలెంట్ (ఇంజన్ను చల్లబరిచే ద్రవం) తగ్గినప్పుడల్లా బోరు నీళ్ళు పోశాడట. మన అనంతపురం బోరు నీళ్ళకు గీజర్ రాడ్డు ఎలా సున్నం కడుతుందో అందరం చూస్తూనే ఉన్నాం. ఆ ఉప్పు నీళ్ళకు కూలర్ లోహం తినేసుకుపోయి సూది మొనంత రంధ్రం పడింది. బండి ఆపాక వేడి నీళ్ళ ప్రెషర్ ఇంకా దిగదు కాబట్టి, ఆ రంధ్రంలోంచి నీళ్ళు ఆయిల్‌లోకి దూరాయి. క్లచ్ ప్లేట్ల మీది లైనింగ్‌ను జిగురుతో అతికిస్తారు. నీళ్ళు తగిలితే ఆ జిగురు వదిలేస్తుంది.

కొత్త బాక్సు రేటు కారు అమ్మినా రాదు. పాతదాన్నే విప్పి క్లచ్ ప్లేట్లు మార్చవచ్చు గానీ, బేరింగులకు తుప్పు పట్టింది, ఇంజను తిప్పుడును ఆయిల్ ద్వారా బాక్సుకు అందించే టార్క్ కన్వర్టర్‌లోనూ నీళ్ళే. నమ్మకం కుదరలేదు. బెంగళూరు శివాజీనగర్‌కు పోయి సెకండ్ హ్యాండ్ బాక్సులు చూశాను. మొదటిదాని చాంబర్ విప్పించగానే మాడు వాసన, వదిలేశాను. రెండోది శుభ్రంగా ఉంది, 78 వేలకు తెచ్చాను. రేడియేటర్, పైపులు కొత్తవి వేసి, రేడియేటర్ ముందు భాగంలో గేరు ఆయిల్‌కు విడిగా ఒక కూలర్ బిగించాను. పాత రేడియేటర్ ఉంచి ఉంటే ఈ బాక్సు కూడా కొన్నాళ్ళకు పోయేది.

ఎక్కువ సమయం తీసుకున్నది టార్క్ కన్వర్టర్. దాన్ని చేత్తో తిప్పుతూ పూర్తిగా లోపలికి కూర్చోబెట్టాలి. కొంచెం బయటికి ఉండగానే బోల్టులు బిగిస్తే లోపలి పంపు పగులుతుంది. ఒక సాయంత్రమంతా దానికే పోయింది. తర్వాత స్కానర్‌తో గేర్లు నేర్పించి, వేడి మీద ఆయిల్ లెవెల్ చూసి, మధ్యాహ్నం ఎండలో రెండుసార్లు పెనుకొండ దాకా తిప్పాను. ఎక్కడా జారలేదు.

మొదట తీసుకున్న 18,500 ఈ బిల్లులో తగ్గించాను, లేబర్ తీసుకోలేదు. ఇక మీదట ఆటోమేటిక్ బండి ఏది వచ్చినా, గేరు ఆయిల్ కొంచెం తెల్ల కప్పులోకి తీసి మీ ముందే చూపిస్తాను, ఆ తర్వాతే ఎస్టిమేట్.

సోమవారం లిఫ్టు ఖాళీ అవుతుంది. క్లచ్ కోసం ఆగిన బొలెరో మొదట ఎక్కుతుంది, తర్వాత సైలెన్సర్ పని ఉన్న రెండు కార్లు. ఆటోమేటిక్ బండి ఉండి, రేడియేటర్‌లో ఎప్పుడైనా బోరు నీళ్ళు పోసినవాళ్ళు ఆదివారం పొద్దున ఇంజను చల్లగా ఉండగానే తీసుకురండి. మూత తీసి చూడటానికి డబ్బులు అక్కర్లేదు.